బందరు తీరం – కట్టకముందు చూడవలసినవి
(శతాబ్ది సభలలో చేసిన ప్రసంగ పాఠం)



బందరు సముద్రతీరాన్ని ఎలా తీర్చిదిద్దుకోవాలో నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని ఆదేశించారు. మాలో ఇంజనీర్లు ఎవరూ లేరు. ఈ ఊరి ఉప్పుగాలిలో పెరిగినవాళ్ళం, అంతే. అందుచేత మేము చూసినది, పెద్దల వలన విన్నది, పుస్తకాల్లో చదివినది కలిపి మనవి చేస్తాము.

బందరు అంటేనే రేవు. రేవు మూలపడినా పేరు పోలేదు. మన పేటల పేర్లే చూడండి. వలందపాలెం వలందులది, అనగా డచ్చివారిది. పరాసుపేట పరాసులది, అంటే ఫ్రెంచివారిది. ఇంగ్లీషుపాలెం ఎవరిదో చెప్పనక్కరలేదు. గోలకొండ సుల్తానుల కాలంలో మన అద్దకం బట్టల కోసం వీరంతా ఈ రేవుకు చేరారు. ఇంగ్లీషువారి ‘గ్లోబ్’ అనే ఓడ వచ్చినది 1611లో. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి చేతినుండి కోటను పట్టుకున్నాడు. ఈ చరిత్ర మీలో చాలామందికి బడిలోనే వచ్చును, దానిని వదిలేస్తాము.

అంతగా చెప్పుకోని సంగతి ఒకటుంది. అంత వర్తకం జరిగిన రేవులో పెద్ద ఓడ ఒడ్డుకు రాగలిగేది కాదు. ఇక్కడ సముద్రం లోతు తక్కువ, అడుగున బురద. ఓడలు మైళ్ళ దూరాన లంగరు వేస్తే సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. కృష్ణమ్మ తెచ్చే ఒండ్రు ఏటేటా తీరాన్ని పూడుస్తూనే ఉండేది. రైలు వచ్చి, 1933లో విశాఖలో లోతైన రేవు తెరిచాక, మన రేవు ఇక కోలుకోలేదు.

ఇక కోట సంగతి. ఊరికి ఆగ్నేయంగా, సముద్రం వైపు, చిత్తడి నేల నడుమ దానిని కట్టారు. శత్రువు రావడానికి వీలులేని చోటని ఎంచారు. ఆ లెక్క యుద్ధానికి బాగానే ఉన్నది, సముద్రాన్ని మాత్రం లెక్కలో వేయలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానుతో ఉప్పెన వచ్చింది. పోటు మట్టం కంటే దాదాపు 13 అడుగుల ఎత్తున నీరు లేచిందని, 30,000 మంది వరకు పోయారని చెబుతారు. తెల్లవారేసరికి కొన్ని ఇళ్ళలో దీపం పెట్టేవారు లేరు. ఆ తర్వాత కోటలోని దండును తీసివేశారు. ఈనాడు అక్కడ మిగిలినవి గంటస్తంభం, ఆయుధాగారం గోడలు, చుట్టూ తుమ్మచెట్లు.

అటు తర్వాత 1977 నవంబరు 19. దానిని గురించి ఈ సభలో వర్ణించి చెప్పడానికి మాకు నోరు రాదు. దివిసీమనుండి వచ్చినవారు మన ముందే కూర్చుని ఉన్నారు. 2004 డిసెంబరు 26న పౌర్ణమి స్నానాలకు మంగినపూడి వెళ్ళిన కొందరు తిరిగి ఇంటికి రాలేదు.

ఇదంతా ఎందుకు ఎత్తామంటే, మొన్న మాకొక నక్షా చూపించారు. తీరం పొడవునా నడకదారి, దీపాలు, కూర్చునే బల్లలు, మిఠాయి అంగళ్ళు. చూడముచ్చటగానే ఉంది, కాదనము. సాయంకాలం పిల్లలతో కూర్చోవడానికి మనకూ ఒక చోటు కావద్దా? కాని ఉప్పెన మట్టం ఆ నక్షాలో ఎక్కడా లేదు. దానిని పట్టుకొని మేము గిలకలదిండి వెళ్ళాము. అందులో ‘ఖాళీ స్థలము’ అని రాసిన చోట ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకుంటున్నారు. వలలు పరిచి ఉన్నవి, పడవకు తారు పూస్తున్నారు. ఒక పెద్దామె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “మరి మా చేపలు మీ బల్లల మీద ఎండేసుకోమా బాబూ?” అన్నది. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము గాని జవాబు చెప్పలేకపోయాము.

ఇంకొక మాట. మదరాసులో రేవు కోసం సముద్రంలోకి గోడలు కట్టినప్పుడు దక్షిణాన ఇసుక మేటవేసింది. మనం చూసి మురిసే మెరీనా వెడల్పు చాలావరకు ఆ ఇసుకే. ఉత్తరాన రాయపురం వైపు సముద్రం ఒడ్డును కొరికివేసింది. తూర్పుతీరాన ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక దక్షిణంనుండి ఉత్తరానికి నడుస్తుంది, దానికి అడ్డం కడితే ఒకచోట పెరిగి మరొకచోట తరిగిపోతుంది. విశాఖలో తవ్వితీసిన ఇసుకను తిరిగి ఒడ్డున పోయవలసివచ్చినదీ ఇందుకే. 2023లో మంగినపూడి ప్రాంతంలో కొత్త రేవు పనులు మొదలైనాయి. దానికి మేము వ్యతిరేకులం కాము, మన పిల్లలకు పని దొరకాలి. అలల గోడలకు ఉత్తరాన ఉన్న పల్లెల ఒడ్డును ఏటేటా ఎవరు కొలుస్తారు, తరిగితే ఎవరు పూనుకుంటారు అన్నది మాత్రం రాతపూర్వకంగా ఉండాలని కోరుతున్నాము.

తీరానికి 500 మీటర్ల లోపల కట్టడాలపై 1991లో కేంద్రం కట్టుబాట్లు పెట్టింది. 2011లో, 2019లో వాటిని మార్చారు. ఆ కాగితాలు తెలుగులో పల్లెకారుల చేతికి అందేలా చేయడం మన సంఘాలు చేయగల పని. తీరాన ఏది కట్టినా అది తుఫాను రాత్రి పదిమంది ఎక్కి తలదాచుకునేదిగా కట్టమని అడగడమూ మన పనే. మంచి దారి వేస్తే, పరుగెత్తవలసి వచ్చినప్పుడు ఊరివైపు పోవడానికి అదే అక్కరకు వస్తుంది.

చివరగా ఒక మనవి. సభ ముగిశాక బయట వసారాలో ఆ నక్షాను బల్లమీద పరుస్తాము. 1977 చూసిన పెద్దలు దయచేసి ఆగండి. మీ గుమ్మం దగ్గర నీరు ఎంతవరకు వచ్చిందో, మీరు ఏ మెరకకు ఎక్కారో చూపించండి. పెన్సిళ్ళు మేము తెచ్చాము.