ఆగిన కథను ఎవరు ఎత్తుకోవాలి?



ఒకరు మొదలుపెట్టిన కథను ఇంకొకరు పూర్తి చేయొచ్చా? చేస్తే అది ఎవరి కథ అవుతుంది? మన కథలు ఇంకా చాలావరకు పెద్దల నోళ్లలోనే ఉన్నాయి. అందుకే ఇది మనం మాట్లాడుకోవాల్సిన ప్రశ్న.

ముందు అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్తాను. రాబర్ట్ జోర్డాన్ అనే రచయిత 1990లో 'ది వీల్ ఆఫ్ టైమ్' అనే నవలల వరుస మొదలుపెట్టాడు. కాలచక్రం అన్నమాట. 2005 నాటికి పదకొండు భాగాలొచ్చాయి. పన్నెండోదే ఆఖరుది అన్నాడు. పాఠకులు ఎదురుచూస్తున్నారు. ఇంతలో ఆయనకు అరుదైన జబ్బు చేసింది.

అప్పుడు ఆయన ఏం చేశాడో గమనించండి. కథ ఎట్లా ముగియాలో దగ్గరివాళ్లకు చెప్పిపెట్టాడు. కొన్ని ఘట్టాలు నోటితో చెప్పి రాయించాడు. ముగింపు ఘట్టం తానే రాసి ఉంచాడు. 2007 సెప్టెంబరులో కన్నుమూశాడు.

ఆయన భార్య హ్యారియట్ మెక్‌డూగల్ ఆ పుస్తకాలకు ఎడిటర్ కూడా. బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయిత జోర్డాన్‌కు నివాళిగా రాసింది ఆమె కంటపడింది. అతని నవల ఒకటి తెప్పించుకుని చదివింది. తర్వాతే పని అప్పగించింది. అతనూ చిన్నప్పట్నుంచి ఆ పుస్తకాలు చదువుతూ పెరిగినవాడే. ఒక్కటి అనుకున్న పుస్తకం మూడయింది. మొదటిది 2009లో, చివరిది 2013 జనవరిలో వచ్చాయి. మూడింటి అట్టల మీదా ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

అంతా సాఫీగా ఏమీ జరగలేదు. మాట్ అనే పాత్ర తీరు మారిపోయిందని పాఠకులు గట్టిగానే అన్నారు. శాండర్సన్ కూడా అది కాదనలేదు. జోర్డాన్ శైలిని అచ్చుగుద్దినట్టు అనుకరించడానికి తాను పూనుకోలేదని కూడా చెప్పాడు. చేతులు మారితే కథలో కొంత మారుతుంది. దాన్ని దాచకపోవడమే నిజాయితీ.

ఇప్పుడు మన తెలంగాణకు వద్దాం. ఇక్కడ అప్పగింత ఇంకో తీరుగా జరిగింది. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' రాశారు. తర్వాత 'గంగు' మొదలుపెట్టారు. అది పూర్తికాకుండానే 1961లో చనిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్లకు అది పుస్తకంగా వచ్చింది. తెలంగాణ జనం చరిత్రను వరుసగా నవలల్లో చెప్పాలన్న ఆయన ఆలోచనను దాశరథి రంగాచార్య భుజానికెత్తుకున్నారు. 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' అట్లా వచ్చాయి. ఆళ్వారుస్వామి గొంతును ఆయన అరువు తెచ్చుకోలేదు. బాధ్యత తీసుకున్నారు, తన పేరుతో, తన మాటల్లో రాశారు.

ఈ రెండింటిలో కలిసే సంగతి ఏంటంటే, కథ ఎవరిదో అందరికీ తెలుసు. ఎత్తుకున్నవాళ్లు దాన్ని చెరిపేయలేదు.

మనకు ఈ పద్ధతి కొత్తేం కాదు. ఆదిలాబాద్ గోండుల వంశకథలను పర్ధాన్లు కిక్రి వాయిస్తూ తరతరాలుగా పాడుతున్నారు. ఒక తరం నుంచి నేర్చుకుని ఇంకో తరం పాడుతుంది. ఎవరు పాడాలి, ఏ కొలువులో పాడాలి అన్నదానికి కట్టుబాటు ఉంది. అప్పగింత అంటే మనవాళ్లకు పుస్తకాలకంటే ముందే తెలుసు.

మరి మీరేం చేయాలి? మీ ఊళ్లో సగం చెప్పి ఆపిన కథలున్న పెద్దమనుషులు ఉంటారు. నోటుబుక్కులో రాసుకుని అచ్చు వేయలేకపోయినవాళ్లూ ఉంటారు. వాళ్లు బతికున్నప్పుడే వెళ్లి కూర్చోండి. మిగతాది ఎట్లా పోతుందని అడగండి. తర్వాత ఎవరు చెప్పాలో వాళ్ల నోటితోనే చెప్పించండి. ఫోన్లో రికార్డు చేసే ముందు ఒప్పుకోలు తీసుకోండి. బయటికి చెప్పకూడదన్న కథను బయటపెట్టొద్దు. రాసేటప్పుడు వాళ్ల పేరు ముందు పెట్టండి. మీరు కలిపింది ఎక్కడ మొదలైందో విడిగా చూపించండి.

బయటినుంచి ఎవరైనా వచ్చి మీ తాత కథను పుస్తకం చేస్తామంటే, ఇవే అడగండి: ఎవరు ఒప్పుకున్నారు? అట్ట మీద ఎవరి పేరుంటది? అచ్చు కాకముందు మాకు చదివి వినిపిస్తారా? జవాబు తిన్నగా రాకపోతే నోటుబుక్కు చేతికియ్యకండి.