హైస్కూలు వేడుకలు – మన పిల్లలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మార్కులను గురించి ఈ వేదిక మీద ఏటా పెద్దలు చెబుతూనే ఉన్నారు. మేము ఈ పూట వేరొక సంగతి మనవి చేయదలచాము. మన రుద్రవరం 1985లో మండల కేంద్రమైంది, 2022లో నంద్యాల జిల్లాలో చేరింది. ఎన్ని మారినా ఇటువంటి చిన్న ఊళ్ళలో అన్ని వీధుల పిల్లలు, అన్ని మతాల పిల్లలు ఒకచోట కలిసి పెరిగేది హైస్కూలులోనే. అక్కడి ఆటలు, పోటీలు, వేడుకలు కూడా చదువులో భాగమేనని మా విన్నపం.

పొద్దుటి ప్రార్థననే తీసుకుందాము. పిల్లలు చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేస్తారు గదా. దానిని వ్రాసినవారు తెలుగువారే. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో, విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ వ్రాశారు. మన జాతీయగీతాన్ని రవీంద్రులు 1919లో ఇంగ్లీషులోకి అనువదించింది మన సీమలోని మదనపల్లెలోనే. ఎక్కడో మూలన ఉన్నామనుకునే మన పిల్లలకు ఈ మాటలు తప్పక చెప్పాలి.

ఇక ఆగస్టు పదిహేను. ముందురోజు మైదాపిండి ఉడకబెట్టి, పురికొసకు రంగుకాగితాలు అతికించి, రాత్రి పొద్దుపోయేదాకా తోరణాలు కట్టేవాళ్ళము. తెల్లవారి వీధులన్నీ నినాదాలిస్తూ తిరిగేవాళ్ళము. మసీదు వీధి, కోమట్ల వీధి, హరిజనవాడ, దేనినీ వదిలేది లేదు. స్వపరిపాలన దినం వస్తే ఒక్క రోజుకు పిల్లలే హెడ్మాస్టరు, పిల్లలే అయ్యవార్లు. అల్లరి పిల్లవాడికి పాఠం చెప్పే పని అప్పగిస్తే, అయ్యవారి కష్టం ఏమిటో వాడికి ఆ పూటే తెలిసివచ్చేది. పదో తరగతి వాళ్ళకు తొమ్మిదో తరగతి వాళ్ళు చందాలేసుకుని వీడ్కోలు ఇచ్చేవాళ్ళు. ఆటోగ్రాఫు పుస్తకాలు చేతులు మారేవి, గ్రూపు ఫొటో తీసేవాళ్ళు.

పండుగలూ అంతే. రంజాన్‌లో మేము రోజా ఉంటే, పక్క బెంచీవాడు మా ఎదుట నీళ్ళు తాగేందుకు మొహమాటపడి బయటికి పోయేవాడు. పండుగనాడు మా ఇంట్లో సేమ్యా, ఉగాదికి వాళ్ళింట్లో భక్ష్యాలు. పీర్ల పండుగకు అలావు చుట్టూ మనవాళ్ళెంతమందో వాళ్ళూ అంతమందే. సంక్రాంతి వెళ్ళాక అహోబిలం స్వామి పారువేటకు పల్లకీలో మన పల్లెలకు వస్తే మనమూ వాకిట్లో నిలబడి చూసినవాళ్ళమే. ఈ మర్యాద మాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. కలిసి మెలగడంలోనే వచ్చింది.

ఇంతవరకు సంతోషంగానే చెప్పుకున్నాము. ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉంది.

కొన్నేళ్ళ కిందట మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి వక్తృత్వ పోటీలో మొదటి బహుమతి తెచ్చుకుంది. వార్షికోత్సవం రాత్రిపూట. వాళ్ళ నాయన పంపేదా వద్దా అని మమ్మల్నే అడిగినాడు. "చీకటి పడినాక ఆడపిల్లను ఎట్లా పంపుతావప్పా?" అన్నాము. ఆ రాత్రి మైకులో ఆ పిల్ల పేరు మూడుసార్లు పిలిచారు. మా వీధి దాకా వినిపించింది. ఆ పిల్ల వాకిట్లో నిలబడి విన్నది. మరునాడు తోటి పిల్ల ఒక స్టీలు గిన్నె తెచ్చి, "నువ్వు రాలేదని సారు బాధపడినాడే" అని ఇచ్చిపోయింది. పై ఏడాది ఆ అమ్మాయి ఏ పోటీకీ పేరు ఇయ్యలేదు. పదో తరగతి ప్యాసయింది. అంతటితో చదువు ఆగింది. ఆ గిన్నెలో ఇప్పటికీ వాళ్ళింట్లో పెరుగు తోడేస్తారు. వాళ్ళింటికి పోయినప్పుడల్లా అది మా కంటబడుతుంది.

మర్యాద, పరదా వద్దని మేము అనడం లేదు. ఆ రాత్రి వాళ్ళ అమ్మనో, నానీనో తోడు పంపి ఉంటే సరిపోయేది. ఆ పాటి ఆలోచన మాకు తట్టలేదు, అంతే.

1947లో డాక్టర్ అబ్దుల్ హక్ గారు కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించారు. 2007లో మనలో వెనుకబడినవారికి నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. పెద్దలు, ప్రభుత్వాలు వాకిలి తెరిచి పెట్టారు. లోపలికి పోయి నలుగురిలో నిలబడి మాట్లాడే ధైర్యం మాత్రం పిల్లలకు బడిలోనే రావాలి. అది పుస్తకం బట్టీ పడితే వచ్చేది కాదు.

అందుచేత సంఘ సభ్యులకు మూడు మనవులు. మొదటిది, ఆటల పోటీలకు, నాటకాల రిహార్సల్సుకు మన ఆడపిల్లలను మాన్పించవద్దు. వీధికొక పెద్దామె తోడు పోయే ఏర్పాటు చేసుకుందాము. వార్షికోత్సవం పగటిపూట జరపమని హెడ్మాస్టరుగారిని మర్యాదగా అడుగుదాము. రెండవది, విహారయాత్ర రుసుముకు, ఆటల దుస్తులకు డబ్బు లేక ఆగిపోయే పిల్లల కోసం సంఘ నిధిలో కొంత విడిగా ఉంచుదాము. మూడవది, మౌలానా ఆజాద్ గారి జన్మదినమైన నవంబరు 11ను 2008 నుండి జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ రోజు మన సంఘం తరఫున అన్ని మతాల పిల్లలకూ వక్తృత్వ పోటీ పెడదాము. గెలిచిన పిల్ల పేరు పిలిచినప్పుడు ఆ పిల్లా, వాళ్ళ అమ్మా ఇద్దరూ వేదిక మీదికి రావాలి.

మా వీధి అమ్మాయికి ఇప్పుడు ఒక కూతురుంది, ఆరో తరగతి. ఆ బిడ్డ పేరు మొదట వ్రాసుకోమని కార్యదర్శిగారికి ఇదివరకే చెప్పి ఉన్నాము.