ఓరుగల్లును పిల్లలకు చూపిద్దాం



స్వర్ణోత్సవానికి దూరాల నుంచి వచ్చిన మీరంతా తిరిగి వెళ్లే ముందు పిల్లల్ని ఓరుగల్లు కోటకు తీసుకెళ్లండి. అక్కడ నాలుగు దిక్కులా నాలుగు శిలాతోరణాలు నిలిచి ఉన్నాయి. వాటి నడుమ ఉండిన పెద్ద శివాలయం మాత్రం కూలిపోయింది. చెక్కిన రాళ్లే మిగిలాయి. దగ్గర్లోనే ఖుష్ మహల్ ఉంది, అదీ చూపించండి.

ఆపై హనుమకొండలో కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడికి వెళ్లండి. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే గుడి అది. దాని కల్యాణమండపాన్ని రాయి రాయిగా విప్పి, మళ్లీ నిలబెట్టి, 2024లో తెరిచారు. ఆ పనికి పదిహేనేళ్ల పైనే పట్టింది. స్తంభం మీద పేరు గీకడానికి మాత్రం నిమిషం చాలు.

ఈ తేడా ఇంట్లో చెబితే పిల్లలకు ఎక్కదు. ఆ రాతి ముందే నిలబెట్టి చెబుదాం.