వార్డరు చేతిలో తాళాలే కాదు

అక్కలారా, జైలు వార్డరు పనంటే తలలు లెక్కపెట్టడం, తాళం వేయడం అనుకుంటాం. మహిళా బ్యారక్‌లో తల్లులతోపాటు పిల్లలూ ఉంటారు. వాళ్లు ఖైదీలు కారు. ఆర్.డి. ఉపాధ్యాయ్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంపై వేసిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. ఆరేళ్లు నిండేవరకు బిడ్డ తల్లి దగ్గర ఉండొచ్చు. మూడేళ్లలోపు వారికి క్రెష్, ఆపైవారికి నర్సరీ ఉండాలి. జైల్లో పుట్టిన బిడ్డ జనన పత్రంలో జైలు పేరు రాయకూడదు.

అర్ధరాత్రి బిడ్డకు జ్వరమొస్తే డాక్టరుకు కబురు పంపాల్సింది డ్యూటీలో ఉన్న వార్డరే. ఆమెకు పరేడు నేర్పితే చాలదు, ఈ తీర్పును తెలుగులో చదివించాలి. (ఆమె జీతం, షిఫ్టుల గోల మరోసారి మాట్లాడుకుందాం.)

ఈసారి జైలుకు వెళితే వంటగది చూసి తిరిగి రావద్దు. క్రెష్ ఎక్కడుంది, వార్డర్లకు ఏం నేర్పారు, అడగండి. జవాబులు రాసుకురండి.