చర్మము క్రింది విద్యుద్ఘటము

1958 అక్టోబరు 8న స్టాక్‌హోం చేరువనున్న కరోలిన్‌స్కా ఆసుపత్రిలో ఆర్నె లార్సన్ అను రోగి కడుపు చర్మము క్రింద ఒక బిళ్లను అమర్చిరి. గుండె లయ తప్పి అతడు దినమునకు పలుమార్లు మూర్ఛిల్లుచుండెడివాడు. శస్త్రవైద్యుడు సెన్నింగ్, బిళ్లను చేసిన ఇంజనీరు ఎల్మ్‌క్విస్ట్. గుండెను లయబద్ధముగ నడపు ఆ పరికరమునకు శక్తినిచ్చినవి రెండు నికెల్-కాడ్మియం ఘటములు.

ఇంట బియ్యమైపోయినచో "నిండుకొన్నవి" అందుము. చర్మము క్రింది ఘటములు అట్లు నిండుకొన్నచో మరల నింపుట యెట్లు? తీగను బయటికి తీసినచో చీము పట్టు ప్రమాదము కలదు. కావున ఎల్మ్‌క్విస్ట్ శరీరమునకు వెలుపల ఒక తీగచుట్ట నుంచి, చర్మమును కోయకయే లోని చుట్టలో విద్యుత్తును పుట్టించెను. తొలి బిళ్ల కొద్ది గంటలలోనే ఆగిపోయెను. అయినను లార్సన్, ఇరువదికి పైగా యంత్రములు మార్చుకొని, 2001 వరకు జీవించెను.

ఘటమును మరింత చిన్నది చేయుటలో చిక్కు వేరు. పరిమాణము తగ్గినకొలది లోని సరకు తరుగును. పైతొడుగు మందము ఆ మేరకు తరుగదు. పలుచని పొరలుగ పరచినచో శక్తి చాలదు. 2013లో అమెరికాలోని హార్వర్డు, ఇల్లినాయి విశ్వవిద్యాలయముల పరిశోధకులు ఒక ఉపాయము పన్నిరి. వెండ్రుకకన్న సన్నని గొట్టపుమొన నుండి లిథియం సమ్మేళనముల సిరాను వరుసపై వరుసగ పోసి, రెండు దువ్వెనల పండ్లు ఒకదాని సందున నొకటి ఇమిడినట్లు ధన, ఋణ ధ్రువములను ఎత్తుగ కట్టిరి. ఘటము ఇసుకరేణువంత. పండ్ల నడుమ దూరము స్వల్పమగుటచే నింపుటయు త్వరగనే జరుగును.

పనితనము మెచ్చదగినదే. కాని నా దృష్టిలో కష్టమంతయు ఆ తరువాత నున్నది: ద్రవము పోసి, చుక్కయైన బయటికి రాకుండ మూత బిగింపవలెను. చెవికి పెట్టుకొను యంత్రములోని ఘటము కారినచో తీసి పారవేయవచ్చును. చర్మము క్రిందిది కారినచో మరల కత్తి పట్టవలసినదే.