కుటుంబమనగా ఎవరు?
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



కుటుంబమను మాట ఒక్కటియే గాని, దాని యర్థము సందర్భమునుబట్టి మారుచుండును. “మా కుటుంబము పుట్టింటికి పోయినది” అని పెద్దలన్నచో భార్య యని యర్థము. “సకుటుంబముగ రండు” అని శుభలేఖలో వ్రాసినచో ఇంటిల్లిపాదియు. సంబంధము చూచువారు “మంచి కుటుంబము” అన్నచో వంశము. సంసారమను మాటయు నిట్టిదే. వేదాంతికి అది జననమరణ చక్రము. గృహస్థునకు ఉప్పు, పప్పు, బిడ్డల చదువు.

ఈ యర్థభేదము వినోదమునకు మాత్రమే కాదు; పొలమును, కూలియు దీనిపై నాధారపడియున్నవి. అనంతపురము సీమలో ఒక ఇంట ఇద్దరన్నదమ్ములు, వారి భార్యలు, చిన్నబిడ్డలు, వితంతువైన తల్లి ఒక్క పొయ్యి వంట తినుచున్నారనుకొనుడు. వీరెన్ని కుటుంబములు?

ధర్మశాస్త్రము పిత్రార్జితమును చూచును. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను 13వ శతాబ్దమున కేతన తెనిగించెను. మితాక్షర ననుసరించి కొడుకునకు పుట్టుకతోనే పిత్రార్జితమున హక్కు కలదు. కావున పంపకములు జరుగువరకు అన్నదమ్ములది ఒకే కుటుంబము. కూతునకు లేని యా హక్కును తొలుత ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణము పెండ్లికాని కూతుళ్లకును, పిదప 2005 నాటి కేంద్ర సవరణము పెండ్లియైన కూతుళ్లకును కలిగించినవి.

1973 నాటి భూపరిమితి చట్టము భార్యాభర్తలను, మైనరు కొడుకులను, పెండ్లికాని మైనరు కూతుళ్లను మాత్రమే కుటుంబముగ నెంచినది. ఆ లెక్కకు అన్నదమ్ములవి రెండు కుటుంబములు. తల్లి రెంటిలోను లేదు. జనాభా లెక్కలవారు పొయ్యిని చూతురు. ఒక్క వంట తినువారు, బంధువులు కాకున్నను, ఒక్క కుటుంబమే. ఇచట తల్లి మరల లోనికి వచ్చినది.

ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న ఈ సీమయందే, నార్పల మండలము బండ్లపల్లిలో ఆరంభమైనది. 2005 నాటి ఆ చట్టము ఏడాదికి నూరు దినముల పనిని మనిషికి గాక కుటుంబమునకు హామీ యిచ్చినది. రక్తసంబంధము, వివాహము, దత్తత వీనిచే ఒకటై, కలిసి నివసించుచు కలిసి భుజించువారు, లేదా ఒకే రేషను కార్డు గలవారు కుటుంబమని నిర్వచించినది. ఆ చట్టము క్రింద ఉమ్మడిగ నున్న అన్నదమ్ములకు కలిపి నూరు దినములు వచ్చెడివి. వేరుపడినచో చెరి నూరు వచ్చెడివి. కరవునాడు కలసియున్నవారికే పని తక్కువ! పొయ్యి చీలినచో కూలి పెరుగును. కాని తల్లి కంచము ఏ పొయ్యి యొద్ద పెట్టవలెనను ప్రశ్న పుట్టును.

వానలు లేక చిన్నకొడుకు బెంగుళూరికి కూలికి పోయినాడనుకొనుడు. ఇచటి వంట తినుట లేదు గనుక పొయ్యి లెక్కలో వాడు లేడు. అయినను వాడు పంపిన పైకముతోనే ఆ పొయ్యి వెలుగుచున్నది.

ప్రతి చట్టమును తన పనికి తగిన కొలతను తీసికొనును. అది తప్పు కాదు. మానికతో నేలను, గొలుసుతో గింజలను ఎవరును కొలువరు. కాని సర్కారు కొలతను నట్టింటికి తెచ్చి కొడుకులు తల్లిని కొలిచినచో అది తప్పే యగును. కార్డులో పేరెచట నున్నను సరే, అన్నము వడ్డించువేళ ఎవరింకను రాలేదని వాకిలివైపు చూతురో, వారందరును ఆ యింటి కుటుంబమే.