బరువైనవన్నీ మునిగిపోవు

వానలు మొదలవగానే పిల్లల ఉత్తరాల్లో కాగితప్పడవలు బయల్దేరతాయి. ఈసారి ఎక్కువమంది అడిగింది ఒకటే: చిన్న మేకు నీళ్లలో వేస్తే బుడుంగున మునుగుతుంది, మరి వేల టన్నుల ఇనుప ఓడ ఎలా తేలుతుంది? ప్రశ్న మంచిదే. దానికి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన జవాబులు కూడా పిల్లలు రాసి పంపారు, నా పేచీ అంతా వాటితోనే. ఓడకు ఇంజను ఉంటుంది కాబట్టి తేలుతుందని ఒకరు చెప్పారట. సముద్రపు నీళ్లు ఉప్పన కాబట్టి అని ఇంకొకరు. వీటన్నిటి అడుగున అందరూ ఒప్పుకున్న మాట ఒకటుంది: తేలికైనవి తేలతాయి, బరువైనవి మునుగుతాయి. ఈ మాటను పట్టుకుని వేలాడినంతకాలం ఓడ మనకు అర్థం కాదు.

ముందు ఇంజను సంగతి తేల్చేద్దాం. విశాఖపట్నం బీచిలో నిలబడి చూస్తే, రేవులో చోటు కోసం లంగరు వేసుకుని కదలకుండా ఆగిన ఓడలు దూరంగా కనిపిస్తాయి. అవేవీ ముందుకు పోవడం లేదు, మునగడమూ లేదు. ఇంజను ఓడను నడపడానికే, తేల్చడానికి కాదు. ఉప్పు సంగతి కాస్త నయం, అందులో కొంత నిజం ఉంది. సముద్రపు నీరు మంచినీటికంటే నూటికి రెండున్నర పాళ్లు బరువు, అంతే. ఇనుము నీటికంటే దాదాపు ఎనిమిది రెట్లు బరువు. ఆ రెండున్నర పాళ్ల తేడా ఓడను ఎంతని మోస్తుంది? హుగ్లీ నదిలో కోల్‌కతా రేవుకు వచ్చే ఓడలు మంచినీళ్లలోనూ తేలుతూనే ఉంటాయి. కాకపోతే నదిలో కొంచెం లోతుగా దిగి, సముద్రంలోకి వెళ్లాక కొంచెం పైకి లేస్తాయి.

ఇక అసలు విషయానికి వంటింట్లోకి వెళదాం. లీటరు నీళ్లు పట్టే పలచని స్టీలు గిన్నె ఒకటి తీసుకుని బకెట్టు నీళ్లలో నిలువుగా వదలండి. గిన్నె పావుకిలో తూగుతుందనుకుందాం. పావులీటరు నీళ్లను పక్కకు తోసేంత లోతుకు దిగి ఆగిపోతుంది, ఎందుకంటే పావులీటరు నీళ్ల బరువూ పావుకిలోయే. ఇప్పుడు అందులో గుప్పెడు గుప్పెడు బియ్యం పోయండి. గిన్నె ఇంకాస్త దిగుతుంది, ఇంకాస్త నీటిని తోస్తుంది, మళ్లీ ఆగుతుంది. నీళ్లు అంచుకు తగిలేసరికి ముప్పావుకిలో దాకా బియ్యం పట్టి ఉంటాయి. తోసిన నీళ్ల బరువెంతో, నీరు పైకి మోసే బలమూ అంతే. ఆర్కిమిడీస్ రెండువేల రెండువందల ఏళ్ల కిందటే చెప్పిన సంగతి ఇది. అదే గిన్నెను సుత్తితో కొట్టి ముద్ద చేస్తే బరువు చెంచాడు కూడా మారదు, కానీ తోసే నీళ్లు తగ్గిపోతాయి, మునుగుతుంది. అమ్మగారిని అడక్కుండా ఈ రెండో ప్రయోగం మాత్రం చేయకండి.

గిన్నె లోపలి గాలే దాన్ని పైకి లేపుతోందని కొందరు వాదిస్తారు. గాలి ఏమీ లేపదు. లోపల నీళ్లకు బదులు దాదాపు బరువులేనిది ఉంది, దాని పాత్ర అంతవరకే. కృష్ణా, తుంగభద్రల మీద తిరిగే పుట్టి చూడండి, వెదురుతో అల్లిన పెద్ద బుట్ట, అడుగున తోలో టార్పాలినో. పైన మూతే లేదు, అయినా మనుషుల్నీ మూటల్నీ దాటిస్తుంది. మన తీరంలో చేపలవాళ్లు కట్టుకునే తెప్ప వేరే జాతి. దానికి లోపలంటూ లేదు, దుంగలే తేలుతాయి. పుట్టి ఆకారం వల్ల తేలుతుంది, తెప్ప కర్ర వల్ల తేలుతుంది. నాటుపడవ మొదలు 1948లో విశాఖపట్నంలో నెహ్రూ నీటిలోకి దింపిన ‘జల ఉష’ ఓడ దాకా, లోపలి గుల్లను నమ్ముకున్నవన్నీ పుట్టి వంశమే.

అయితే కర్ర ఎప్పుడూ తేలుతుందిగా, అది తేలిక కాబట్టే కదా అంటారేమో. మళ్లీ అదే మాట! శేషాచలం కొండల ఎర్రచందనం చేవ ముక్కను నీళ్లలో వేస్తే అడుగుకు పోతుంది. పెద్ద టేకు దుంగ దానికంటే ఎన్నో రెట్లు బరువున్నా తేలుతుంది. లెక్కలోకి వచ్చేది వస్తువు బరువు ఒక్కటే కాదు, అది ఆక్రమించే చోటులో పట్టే నీళ్ల బరువు కూడా. ఇక కర్ర ఓడ గ్యారంటీ అనుకునేవాళ్లు స్వీడన్ రాజు కట్టించిన ‘వాసా’ కథ వినాలి. ఓక్ కర్రతో కట్టి, 64 ఫిరంగులు ఎక్కించిన ఆ యుద్ధనౌక 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్‌లో తొలి ప్రయాణానికి బయల్దేరి, పట్టుమని కిలోమీటరున్నర కూడా పోకుండానే మునిగిపోయింది. పైభాగం బరువెక్కువై, చిన్న గాలికే ఒరిగి, తెరిచి ఉంచిన ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు చొరబడ్డాయి. గిన్నెలో బియ్యాన్ని ఒక పక్కకు నెట్టి చూడండి, జరిగింది తెలుస్తుంది. అందుకే పడవ నడిచేటప్పుడు లేచి నిలబడొద్దని, అందరూ ఒకే పక్కకు పోవద్దని సరంగు కేకలేస్తాడు. మన మొత్తం బరువు పెరగకపోయినా అది ఉన్న చోటు మారితే పడవ ఒరుగుతుంది. ఫొటోల కోసం ఒక అంచున గుమికూడే పెద్దవాళ్లకు కూడా చెబుతున్నాను.

ఓడకు ఎంత బరువైనా ఫరవాలేదని దీనర్థం కాదు. రేవులో సరుకు ఓడ పక్కభాగం చూస్తే, సున్నా మధ్యగా అడ్డగీత గీసిన గుర్తు కనిపిస్తుంది. దాని పక్కనే మంచినీటికి, ఉష్ణమండల సముద్రానికి, చలికాలానికి వేర్వేరు గీతలుంటాయి. సరుకు నింపుతుంటే నీళ్లు ఏ గీత దాకా రావచ్చో అవి చెబుతాయి. బ్రిటన్‌లో అత్యాశతో ఓడల్ని కిక్కిరిసేలా నింపి నావికుల ప్రాణాలు తీస్తున్నారని పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్సాల్ పోరాడితే, 1876 చట్టంతో ఈ గీత తప్పనిసరి అయింది.

ఇంకా బరువు మాటే పట్టుకునేవాళ్లుంటే విశాఖ బీచిలో మ్యూజియంగా పెట్టిన ‘కుర్సురా’ జలాంతర్గామి దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించింది. దాని ఉక్కు ఒళ్లు సాగదు, కుంచించుకోదు. తొట్లలోకి సముద్రపు నీళ్లు తీసుకుంటే మునిగేది, గాలి ఒత్తిడితో వాటిని బయటికి తోసేస్తే తేలేది. చూశారా, ఇక్కడ బరువే కదా మారింది అని మీరు నన్ను పట్టుకోవచ్చు. మారింది, నిజమే. కానీ ఆకారం మారకుండా కాస్త బరువు పెరిగితే మునిగేది, అదే ఉక్కు, అన్ని వందల టన్నులూ ఉండగానే మళ్లీ పైకి తేలేది. అంటే ఉక్కు బరువు ఒక్కటే దాన్ని ముంచడం లేదన్నమాట.